రాతిపువ్వు సాక్ష్యం

ఈ మధ్య కొత్తగూడెంలో కొత్త బీట్ ఆఫీసర్లకు శిక్షణ జరుగుతుంటే రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. రిటైరైన రేంజర్ అంటే పులి కథ చెప్తాడని అందరూ ఆశగా చూశారు. నా ఉద్యోగమంతా వెతికినా పులి ఎదురుపడింది లేదు. నేను వస్తున్నానని తెలిసి అదే పక్కకు తప్పుకుందేమో తెలియదు. నాకు ఎదురుపడిందల్లా దుమ్ము. ఆ మాట అనగానే వెనక వరుసలో ఫోన్లు బయటికొచ్చాయి. అందుకని శాలువా మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి, అక్కడ చెప్పలేకపోయింది రాస్తున్నాను. కాగితం మీద రాస్తే వినేవాళ్ళ మొహాలు కనపడవు.

మాది ఖమ్మంలో కిరాణా కొట్టు. మా నాన్న, అంటే అబ్బా, గల్లా దగ్గర, అన్న త్రాసు దగ్గర, నేను మసాలా డబ్బాల మధ్య ఉండేవాళ్ళం. దాల్చినచెక్క పేరు చెప్పి ఏ చెక్క అమ్ముతున్నారో కళ్ళు మూసుకుని ముక్కుతో చెప్పేవాణ్ణి. అడవిలో ఉద్యోగం వచ్చిందంటే అబ్బా అడిగింది ఒక్కటే. "గాడ ఏం జేస్తవ్ బేటా, అమ్ముతవా, కొంటవా?" కాపలా కాస్తానన్నాను. "అంటే గోదాము పని" అని తేల్చేసి, వచ్చినవాడికి జీలకర్ర కట్టడంలో పడ్డాడు. ఆ రోజు నాకు చిన్నతనమనిపించింది. తర్వాత్తర్వాత చూస్తే, మా శాఖలో ఎవరూ ఉద్యోగాన్ని అంత సరిగ్గా చెప్పలేదు.

గాలికి చెక్‌పోస్టు లేదు

నేను ఆఖరున పని చేసిన రేంజిలో అభయారణ్యం అంచు, బొగ్గు లారీల రోడ్డు పక్కపక్కనే ఉంటాయి. మణుగూరు వైపు పోయేవాళ్ళకు ఆ రోడ్డు తెలుసు. అడవి మొదలయ్యే చోట పెద్ద బోర్డు పెట్టాం. నిప్పు వేయరాదు, కట్టె కొట్టరాదు, హారన్ కొట్టరాదు, అనుమతి లేక లోనికి రారాదు. కట్టెల మోపుతో దొరికిన ముసలమ్మను ఆపి పంచాయితీ పెట్టే అధికారం నాకుంది. అదే సమయానికి ఆ ముసలమ్మ తల మీదుగా, బోర్డు మీదుగా, నా టోపీ మీదుగా బొగ్గు దుమ్ము లోపలికి పోతూ ఉంటుంది. దాన్ని ఆపే అధికారం ఎవరికుందో ఏ ఉత్తర్వులోనూ కనపడలేదు.

ఆ పక్క కోయగూడెంలో జోగక్క ఉండేది. నాకన్నా కాస్త పెద్దది. ఆమె ఇప్పచెట్లు మా సరిహద్దు రాళ్ళను ఆనుకునే ఉంటాయి. ఏ చెట్టు ఏ ఇంటిదో ఆ గూడెంలో ముందునుంచీ అనుకున్నదే. రాత ఉండదు, గొడవా ఉండదు. నేను బోర్డుకు కొత్తగా రంగు వేయిస్తుంటే ఆమె వచ్చి నిలబడి చూసింది.

"మంచిగ రాపిస్తున్నవ్ సారూ. జింకలు సదివి భయపడ్తయ్. దుమ్మే, పాపం, బడికి పోలే."

రంగు వేసేవాడు నవ్వు ఆపుకోలేక 'రాదు'లో దీర్ఘం జార్చేశాడు. ఆ గీత ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. మందంగా, రసంతో, వేలికి అంటుకునేలా ఉంటుంది. అంటే దుమ్ముకు అంతకన్నా మంచి జిగురు లేదు. లారీల రోడ్డు పడ్డాక జోగక్క పువ్వును కడిగి, మళ్ళీ కడిగి, మళ్ళీ కడిగి ఆరబెట్టేది. కడిగినకొద్దీ పువ్వులో తీపి నీళ్ళపాలయ్యేది. సంతలో కొనేవాడు ఒకటి నోట్లో వేసుకుని పళ్ళ మధ్య కరకరలాడగానే ఉమ్మేసి పక్క తట్టకు పోయేవాడు. అది తినే పువ్వు, అమ్మే పువ్వు, ఇంట్లో ఆడపిల్ల పుస్తకాలకు ఆధారమైన పువ్వు. చెట్లు కూడా మునుపటిలా పూయడం లేదని ఆమె అనేది. నేను వాన మీదకు నెట్టేసేవాణ్ణి. వానకు నోరు లేదు కాబట్టి మా శాఖలో చాలా తప్పులు దాని ఖాతాలోనే పడతాయి.

అంతలో ఒక ప్రైవేటు కాంట్రాక్టు సంస్థ బొగ్గు జల్లించి లారీలకు ఎత్తే యార్డు పెట్టడానికి దరఖాస్తు పెట్టింది. స్థలం సరిగ్గా ఆ ఇప్పచెట్ల పక్కన, అభయారణ్యం రాయికి కూతవేటు దూరంలో. రోడ్డు దుమ్ముకే పువ్వు నల్లబడుతుంటే, యార్డే వచ్చి కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. కాని చెప్పింది నమ్మడానికి కమిటీ కావాలి. కమిటీ వేశారు. శీతాకాలం దాటాక వచ్చి చూసి, యార్డు అక్కడ పెట్టాలో వద్దో తేలుస్తామన్నారు.

భాగస్వామ్య వ్యాపారం

ఆ చూపించే పని కోసం వరంగల్ నుంచి సుచరిత అనే వృక్షశాస్త్రం చదివిన అమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే నా చేత ఒక తునికి ఆకు తెంపించి, తిరగేసి, భూతద్దం కింద పెట్టింది. ఆకు అడుగున సూదిమొనంత నోళ్ళుంటాయి. చెట్టు గాలి పీల్చేది, చెమట పోసేది వాటి నుంచే. వాటి నిండా నల్లగా బొగ్గు కూరుకుని ఉంది. పైన దుమ్ము పేరుకుంటే వెలుతురు అందక ఆకు తిండి వండుకోలేదట. నల్లటి పూత ఎండను లాక్కోవడంతో ఆకు ఇంకా వేడెక్కుతుందట. దాని మీద పొగలోని గంధకం పడితే అంచులు కాలినట్టయి ఆకు కాలం కాకుండానే రాలుతుంది. చెట్టు ఒక్కరోజులో చావదు. గిరాకీ తగ్గిన కొట్టులాగా రోజూ తెరుస్తుంది, రోజూ కొంచెం ముందుగా మూస్తుంది.

ఆకు కన్నా ముందు గాలిని పసిగట్టేది ఇంకొకటి ఉందని చెప్పి, సుచరిత సంచిలోంచి బూడిదరంగు పొలుసులు అంటుకున్న పుల్లలు తీసింది. చూడగానే నేను, "ఇది మా కొట్లో ఉంటుంది కదమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు. అది రాతిపువ్వు. మా ఇంట్లో పత్థర్ కా ఫూల్ అంటారు. బిర్యానీలో పడేది. రాయీ కాదు, పువ్వూ కాదు. ఒక బూజు, ఒక పాచి కలిసి పెట్టుకున్న భాగస్వామ్య వ్యాపారం. బూజు కొట్టు కడుతుంది, పాచి వంట చేసి పెడుతుంది. దీనికి వేరు లేదు, ఏం తిన్నా గాలి నుంచే తింటుంది. గాలి చెడితే పాచి ముందు పోతుంది. షట్టరు మాత్రం మిగులుతుంది.

ఆమె పద్ధతి తేలికైంది. గోదావరి అవతల మంచి గాలి ఉన్న గుట్టల నుంచి పుల్లలతో సహా రాతిపువ్వు తెచ్చింది. సగం అభయారణ్యం లోపల, లారీ చప్పుడు వినపడని చోట వేలాడదీయాలి. సగం రోడ్డు పక్కన, ఇప్పచెట్ల వరసలో వేలాడదీయాలి. శీతాకాలం పోయాక రెంటినీ పక్కపక్కన పెట్టి కమిటీకి చూపించాలి. లోపలి పుల్లలకు 'సి', రోడ్డు పుల్లలకు 'ఆర్' అని అక్షరం, అంకె కొట్టిన చిన్న అల్యూమినియం బిళ్ళలు కట్టింది.

దించాక దాచడానికి గాలి ఆడే బట్ట సంచులు కావాలంది. శాఖను అడిగితే అవి ఎప్పటికొస్తాయో నాకు తెలుసు. నేను ఖమ్మం పోయి అన్నను అడిగాను. వాడు ఊరికే ఇస్తానన్నాడు కాని, కొట్టు పేరు అచ్చేసినవే ఇస్తానన్నాడు. వద్దన్నాను. పేరు లేనివి కావాలంటే కొనుక్కోమన్నాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే అలవాటు మా వంశంలో లేదు. అలా ప్రభుత్వ పరిశోధన నమూనాలు "శ్రేష్ఠమైన బిర్యానీ మసాలా దినుసులు" అని ఎర్రటి అక్షరాలున్న సంచుల్లోకి చేరాయి. సుచరిత ఆ సంచుల్ని చాలాసేపు చూసింది. బట్ట మంచిదే అంది.

అడవికి తలంటు

శీతాకాలం గడిచేసరికి తేడా గుడ్డివాడికీ కనపడేంతయింది. లోపలివి పచ్చటి బూడిదరంగులో, అంచులు చక్కగా మడతలు పడి ఉన్నాయి. రోడ్డువి పాలిపోయి, అంచులు గోధుమరంగుకు మారి, చేత్తో ముడితే పొడి రాలుతున్నాయి. రోడ్డు పక్క తునికి, మద్ది, ఇప్ప ఆకుల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ముంది. కమిటీకి ఇంకేం చెప్పాలి, నడిపించి చూపిస్తే చాలు అనుకున్నాం.

అప్పుడు మా పై అధికారి డీఎఫ్ఓ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ తుడవకుండా కూర్చోడు, అంతే. కమిటీ వచ్చే ముందురోజు పొద్దున్నే చూద్దును కదా, రోడ్డుకు రెండు వైపులా నీళ్ళ ట్యాంకర్లు నిలబడి చెట్లను కడుగుతున్నాయి. ఎవరు చెప్పారంటే పెద్దసారు అన్నారు. పరుగున ఫోను చేశాను. దుమ్ము చూపించడానికే కదా సార్ వాళ్ళు వచ్చేది అన్నాను.

"ఏమయా, సుట్టాలొస్తుంటే ఇల్లు కడుక్కోమా? నా డివిజన్ల అడివి గింత మురికిగుందని హైదరాబాదుల జెప్పుకుంటే ఎవని ఇజ్జత్ పోతది?"

ట్యాంకరు గొట్టం అందినంత ఎత్తు వరకు అడవి మిలమిల మెరిసింది. ఆ పైన నల్లగా ఉంది. సగం గడ్డం గీసుకుని, సబ్బు నురగతోనే బయటికొచ్చిన మనిషిలా ఉన్నాయి చెట్లు. జోగక్క గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఈ నీళ్ళేవో తన పువ్వు కడిగేటప్పుడు పంపిస్తే బాగుండేది కదా అని అడిగింది. గొట్టం పట్టుకున్నవాడు, ఆర్డర్ ఆకుల వరకే ఉందన్నాడు.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెడ్డ అధికారి చేసే నష్టం కనపడుతుంది, దానికి మందుంది. శుభ్రమైన అధికారి చేసే నష్టం మెరుస్తుంది.

ఆకుల సాక్ష్యం అలా కొట్టుకుపోయింది. ఇక మిగిలింది రాతిపువ్వే. పుల్లలన్నీ దించి, సంచుల్లో వేసి, గెస్ట్‌హౌస్‌లో ఎలుకలు రాని చోటు వంటింటి స్టోరు ఒక్కటే కాబట్టి అక్కడ పై అరలో పెట్టించాం. జోగక్క మాతో పాటు అక్కడిదాకా వచ్చి, గడప బయటే ఆగి, రేపు ఈ పుల్లలు మాట్లాడతాయా అని సుచరితను అడిగింది. మాట్లాడతాయి అంది సుచరిత. నేనూ తలూపాను.

భోజనం

కమిటీ పొద్దున దిగింది. అధ్యక్షుడు పెద్ద హోదాలో చేసి దిగిపోయిన పెద్దమనిషి, మాట తక్కువ, ఆకలి ఎక్కువ. ఇద్దరు సభ్యులు. వాళ్ళతో పాటు యార్డు సంస్థ మేనేజరు, సత్తుపల్లి వైపు మనిషి, చేతిలో మ్యాపులు. రోడ్డు పక్క చెట్లను చూసి అధ్యక్షుడు, "బాగానే ఉన్నాయే" అన్నాడు. ఎత్తుకు చూడండి సార్ అన్నాను. ఆయనకు మెడనొప్పి. మేనేజరు కడిగిన ఆకు ఒకటి తెంపి, అద్దంలో చూసుకున్నట్టు చూసుకున్నాడు.

భోజనం తర్వాత నమూనాలు చూద్దామన్నారు. బిర్యానీ వండడానికి డీఎఫ్ఓ గారు కొత్తగూడెం నుంచి మస్తాన్ భాయ్‌ను పిలిపించారు. పెళ్ళిళ్ళలో పేరున్న చెయ్యి. మూత తీయగానే వచ్చిన వాసనకు వరండాలో డ్రైవర్లు కూడా లేచి నిలబడ్డారు. మసాలా కొట్లో పెరిగిన నా ముక్కు ఒక క్షణం ఆగింది. ఆ అడుగున ఉన్న అడవి వాసన నాకు బాగా తెలిసిందే. మస్తాన్ భాయ్ సరుకు మంచిది తెచ్చాడు అనుకుని ప్లేటు అందుకున్నాను. ఇంత ముక్కు పెట్టుకుని ఆ ఒక్కరోజు దాన్ని నమ్మలేదు.

అధ్యక్షుడు రెండోసారి వడ్డించుకున్నాడు. మేనేజరు మూడోసారి. అధ్యక్షుడి పంటి కింద ఏదో టక్కుమంది. ఆయన మర్యాదగా రుమాలు అడ్డం పెట్టుకుని దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. మెరుస్తున్న చిన్న బిళ్ళ. దాని మీద సి-3.

సుచరిత చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. లేచి వంటింట్లోకి పోయింది. వెనకే నేను. మస్తాన్ భాయ్ గర్వంగా నిలబడి ఉన్నాడు. తను తెచ్చుకున్న మసాలాలో పత్థర్ ఫూల్ తక్కువైతే పైన చూశాడట. ఖమ్మంలో నమ్మకమైన కొట్టు పేరు కనపడిందట.

"ఎర్ర అక్షరాలు చూసి తీసిన సాబ్. ఒక దాంట్ల పుల్లలతోని ఉంటే ఏరి పడేసిన. సరుకైతే ఒకటో నంబరు. ఇంకో సంచిల గూడ ఉండె గని అది ముట్టలే, పొడిపొడి అయితున్నది."

అంటే లోపలి అడవివన్నీ హండీలోకి పోయాయి. రోడ్డువి మిగిలాయి. చచ్చినవి ఉన్నాయి. అవి చచ్చినట్టు రుజువు చేసేవి మా అందరి కడుపుల్లో ఉన్నాయి. సుచరిత స్టోరు గడప మీద కూర్చుండిపోయింది. కిటికీలోంచి చూస్తే గేటు బయట జోగక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నీడలో కూర్చుని ఉన్నారు. పుల్లలు మాట్లాడే వేళ కోసం.

చివరి మాట

భోజనాల బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక సభ్యుడు నెమ్మదిగా ప్లేటును దూరం జరిపాడు. ముందు తేరుకున్నది మేనేజరే. నాకు అతని మీద అప్పుడు గౌరవం కలిగింది, వ్యాపారి అంటే అలా ఉండాలి. పోల్చడానికి రెండోది లేనప్పుడు మొదటిది లెక్కలోకి రాదు కదండీ, పరీక్ష చెల్లదని రాసేసి యార్డు సంగతి చూద్దామన్నాడు. మాట న్యాయంగానే ఉంది. అధ్యక్షుడు తలూపబోయాడు.

మా అబ్బా ఒకటి చెప్పేవాడు. సరుకు పాడైనప్పుడు సరుకు గురించి మాట్లాడకు, అవతలివాడి తొందర గురించి మాట్లాడు.

"అట్లనే సార్" అన్నాను. "పరీక్ష చెల్లదని రాద్దాం. ఎందుకు చెల్లదో కూడా రాయాలి కదా. నమూనాలు ఎట్ల పోయినయో, ఎవరెవరు తిన్నరో."

అధ్యక్షుడు నన్ను మొదటిసారి పూర్తిగా చూశాడు.

"ఎవరెవరంటే?"

"కమిటీ వారు. దరఖాస్తు పెట్టిన సంస్థ తరఫున మేనేజర్ గారు. వారు మూడుసార్లు."

"నేను ముక్కలే తిన్నానండి" అన్నాడు మేనేజరు. "మసాలా పక్కన పెట్టేశాను."

అందరం అతని ప్లేటు చూశాం. అద్దంలా ఉంది.

తన సంస్థకు వ్యతిరేకమైన సాక్ష్యాన్ని సంస్థ మేనేజరు కమిటీతో కలిసి కూర్చుని తిన్నాడు. ఆ వాక్యం కాగితమెక్కితే ఎంత దూరం పోతుందో అధ్యక్షుడు లెక్కేసుకుంటున్నాడు. ఆ మొహం నాకు తెలుసు. పెళ్ళి సరుకులు కొనడానికొచ్చి, బస్సుకు వేళయిందని గోడ గడియారం చూసే మొహం. ఆ మొహం దగ్గర మొదటి ధర పెద్దగా చెప్పాలి. యార్డు వద్దే వద్దని, ఉన్న లారీల రోడ్డు కూడా మూసేయాలని అడిగాను. డీఎఫ్ఓ గారు బల్ల కింద నా కాలు తొక్కారు. కుదరదన్నాడు అధ్యక్షుడు. సరే, రోడ్డు ఉండనివ్వండి అని ఆయనకు గెలుపు ఇచ్చేశాను. యార్డు మాత్రం వాగు దాటి, గుట్ట అవతల పెట్టాలి. లారీలకు టార్పాలిన్ పట్టాలు కప్పాలి. రోడ్డు మీద నీళ్ళు చల్లాలి. చెట్ల మీద కాదు, రోడ్డు మీద అని డీఎఫ్ఓ గారికి వినపడేలా అన్నాను. మేనేజరు గుట్ట అవతల నేల ఎత్తుపల్లాలన్నాడు. నేను ప్లేటు వైపు చూశాను. చదును చేసుకుంటామన్నాడు.

టీ వచ్చేలోపు తేలిపోయింది. కాగితం మీద యార్డు మార్చడానికి కారణం "వాగు సమీపత". నమూనాల గురించి ఒకే వాక్యం: "సందర్శన సమయంలో నమూనాలు వినియోగమైనవి." అంతకన్నా నిజమైన ప్రభుత్వ వాక్యం నేను మళ్ళీ చదవలేదు.

సుచరిత మాత్రం సంతోషపడలేదు. జీపులో పక్కకు తిరిగి కూర్చుని, ఇది బ్లాక్‌మెయిల్ కదా సార్ అంది. మా బజార్లో దీన్ని చివరి మాట అంటారమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. "యార్డు పోయింది సరే. చెట్టుకు ఏమైందన్నది ఎక్కడా రాయలేదు. రేపు ఇంకో చోట ఇంకో యార్డు వస్తే ఏం చూపిస్తారు? మళ్ళీ బిర్యానీనా?" అంది. ఆమె మాటే సరి. నేను గెలిచింది ఒక బేరం. ఆమె గెలవాలనుకున్నది ఎవరొచ్చినా మారని ధర. ఆ తేడా నాకు ఆ జీపులోనే తెలిసింది, రిటైరవడానికి కాస్త ముందు. మీకు ఇప్పుడే తెలిస్తే మంచిది.

ఆమె పంతం పట్టి తర్వాతి శీతాకాలం మళ్ళీ మొత్తం చేసింది. ఈసారి తాళం వేసిన ఇనప్పెట్టె. రోడ్డువి మళ్ళీ పాలిపోయాయి, లోపలివి మళ్ళీ నిలబడ్డాయి. నివేదిక పైకి పంపితే, ఆ విషయం ఇదివరకే పరిష్కారమైందని జవాబొచ్చింది. సాక్ష్యం లేనప్పుడు కమిటీ ఉంది. సాక్ష్యం వచ్చేసరికి కమిటీ లేదు.

కరకర

కమిటీ వెళ్ళిపోయిన సాయంత్రం గేటు దగ్గర జోగక్కకు చెప్పాను. యార్డు గుట్ట అవతలికి పోయిందన్నాను. పుల్లలు ఏం చెప్పాయని అడిగింది. జరిగింది చెప్పక తప్పలేదు. ఆమె పక్కనున్న ఆడవాళ్ళకు కోయలో చెప్పింది. వాళ్ళు మోకాళ్ళ మీద చేతులేసుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. నవ్వు అయ్యాక జోగక్క తాపీగా అడిగింది.

"మరి పోయినేటి మా దుమ్ము పువ్వు తట్టెడు గాళ్ళకు పెట్టకపోతివి సారూ. యార్డు గప్పుడే పోతుండె గద."

రిటైరయ్యాక ఒకసారి, పువ్వు రాలే రోజుల్లో, ఆ దారిన పోతూ ఆగాను. లారీల మీద పట్టాలున్నాయి, కొన్నింటికి సగమే కప్పి ఉన్నాయి. రోడ్డు మీద నీళ్ళు చల్లిన తడి కొంత దూరం ఉండి, కొంత దూరం లేదు. జోగక్క చాప మీద పువ్వు ఆరబెడుతోంది. ఇప్పుడు ఒక్క కడుగుడు సరిపోతోందంట. తీపి మిగులుతోందంట. సంతలో వాడు ఉమ్మడం మానేశాడు కాని మొహం చిట్లిస్తాడంట. గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

ఒకటి నోట్లో వేసుకున్నాను. ముందు తీపి తగిలింది. నమిలితే ఎక్కడో అడుగున, ఒక్కచోట, సన్నగా కరకరలాడింది. ఆమె నా మొహమే చూస్తోంది.

ఉమ్మలేదు. మింగేశాను. బేరం చేసింది నేనే కదా.